రాని పిల్లల పేర్లు అడిగిన మనిషి

ఫినాయిల్ వాసన తగిలితే ఆ బడిలో ఏదో దాస్తున్నారని నాకు అనిపిస్తుంది. శుభ్రంగా కడిగిన నేలను అనుమానించడం న్యాయం కాదని నాకూ తెలుసు. అయినా పోయిన నెల సికింద్రాబాద్‌లోనే ఒక పెద్ద ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు తనిఖీకి వెళ్ళినప్పుడు, తడి ఆరని వరండాలో ఆ వాసన ముక్కుకు తగలగానే నేను పదహారేళ్ళు వెనక్కి పోయాను. గోడల మీద చార్టులకు జిగురు ఇంకా ఆరలేదు. పిల్లలంతా తలకు నూనె రాసుకుని, ఒకే రాగంలో ‘నమస్తే మేడం’ అంటున్నారు. హెడ్మిస్ట్రెస్ గారు చెయ్యి ఊపితే ఆగుతున్నారు. ఆ ఆగడం నాకు బాగా తెలుసు. ఒకప్పుడు నేనూ అలాగే చెయ్యి ఊపాను. నా చెయ్యి దించిన మనిషి విఠల్ సార్. మీలో ఎవరూ ఆయన్ను చూసి ఉండరు. పేపర్లో ఫోటో పడే పనేదీ ఆయన చెయ్యలేదు. ఒక బడి మంచిదో కాదో చూడటం ఎలాగో నాకు నేర్పారు, అంతే. ఆ నేర్పడం నా సిగ్గుతో మొదలైంది కాబట్టి దాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలి.

మా నాన్న గుంటూరు వైపు నుంచి రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం వచ్చి లాలాగూడలో దిగారు. నేను పుట్టింది క్వార్టర్స్‌లో, పెరిగింది చర్చిలో అంటే సరిగ్గా ఉంటుంది. పదిమంది ముందు నిలబడి గొంతు విప్పడం అక్కడే నేర్చుకున్నాను. పద్దెనిమిదేళ్ళు నిండకముందే ఆదివారం బడిలో చిన్నపిల్లలకు వాక్యం చెప్పేదాన్ని. ప్రభువు నాకు టీచరు ఉద్యోగం ఇచ్చినప్పుడు అది నా ప్రార్థనకు జవాబేనని సంఘమంతటి ముందు సాక్ష్యం చెప్పాను. ఇప్పటికీ అదే నమ్ముతాను. నన్ను వేసిన బడి లాలాగూడకూ బోయిగూడకూ మధ్య ఎక్కడో ఉందనుకోండి, పేరు రాయను. పద్దెనిమిది వందల మంది పిల్లలు. ప్రతి తరగతికీ ఎ నుంచి ఎఫ్ దాకా సెక్షన్లు. చదివే పిల్లలు ఎ సెక్షన్‌లో ఉంటారు, మిగిలిన వాళ్ళు జారుతూ జారుతూ ఎఫ్‌లో పడతారు. కొత్తగా వచ్చిన టీచర్లకూ అదే లెక్క. నాకు తొమ్మిదో తరగతి ఎఫ్ ఇచ్చారు. వరండా చివర, సైకిల్ స్టాండు పక్కన, బల్లకు నలుగురు చొప్పున ఇరుక్కుని కూర్చునే గది అది.

ఆ గదిలో రేణుక ఉండేది. వాళ్ళమ్మ బోయిగూడలో ఒక ఫంక్షన్ హాల్లో గిన్నెలు తోమేది. పెళ్ళిళ్ళ రోజుల్లో తమ్ముణ్ణి చూసుకోవడానికి రేణుక ఇంట్లో ఉండిపోయేది. అలా ఉండిపోయి ఉండిపోయి, తొమ్మిదో తరగతికి వచ్చేసరికి అక్షరాలు వచ్చు గానీ వాక్యం చదవడం రాదు. జూన్ నుంచి మధ్యాహ్నం భోజనాల తర్వాత ఆ పిల్లను నా పక్కన కూర్చోబెట్టుకుని చదివించాను. డిసెంబరుకు, ఆగి ఆగి, వేలు పెట్టుకుని అరపేజీ చదివేది. ఆ అరపేజీకి నేను ఎన్నిసార్లు స్తుతి చెల్లించానో దేవుడికే తెలుసు.

అప్పుడు ప్యానెల్ ఇన్‌స్పెక్షన్ వచ్చింది. వేరే బడుల హెడ్మాస్టర్లు, సీనియర్ టీచర్లు ఒక బృందంగా వచ్చి, రోజంతా క్లాసులు చూసి, బడికి గ్రేడు ఇచ్చే పద్ధతి అది. మా హెడ్మాస్టరు గారు చెడ్డవారు కాదు. ఆయనకు నాలుగు గదులు కావాలి. మంచి గ్రేడు వస్తే గదులు శాంక్షన్ అవుతాయని ఎవరో ఆయనకు చెప్పారు. అందుకని ఒక ఏర్పాటు చేశారు. చదవడం రాని పిల్లలు ఆ ఒక్క రోజూ ఇంటి దగ్గర ఉండాలి, ఎ సెక్షన్ నుంచి పదిమంది చురుకైన పిల్లలు వచ్చి ఎఫ్‌లో కూర్చోవాలి. అన్ని బడుల్లోనూ చేసేదేనన్నారు ఆయన. ఎవరెవరు రాకూడదో జాబితా రాసివ్వమన్నారు. నాకు ప్రొబేషన్ ఇంకా పూర్తికాలేదు. ఆయన ఒక్క మాట రాస్తే ఉద్యోగం గాల్లో ఉంటుంది. పది పేర్లు తొందరగానే రాశాను. రేణుక దగ్గర చెయ్యి ఆగింది. ఆ పిల్ల చదవగలదు. కానీ వేలు పెట్టుకుని చదువుతుంది, ప్రతి మాటకూ ఆగుతుంది. చూసేవాళ్ళకు అది వెనకబాటుగానే కనిపిస్తుంది, నా ఆరు నెలలు కనిపించవు. పదకొండో పేరుగా రాసేశాను.

ఆ ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు నేను లేచి, మా బడి తనిఖీ బాగా జరగాలని అందరూ ప్రార్థించమన్నాను. పాస్టరు గారు బడి పేరెత్తి మరీ ప్రార్థించారు. పిల్లలను ఇంటి దగ్గర ఉండమన్నది నేనే, దేవుణ్ణి బడికి రమ్మన్నదీ నేనే. అప్పుడు అందులో తేడా నాకు కనిపించలేదు.

తనిఖీ రోజున కార్లకోసం గేటు వైపు చూస్తూ ఉన్నాం. ఆ బృందంలో ఒకరైన విఠల్ సార్ మాత్రం సిటీ బస్సులో, అందరికన్నా ముందే వచ్చారు. సన్నటి మనిషి, చేతిలో బట్టసంచీ, అందులో టిఫిన్ డబ్బా. గేటు ఎదురుగా బండి దగ్గర చాయ్ తాగుతుంటే గోడవారగా యూనిఫాంలో ఒక పిల్ల కనిపించింది. తర్వాత ఎన్నోసార్లు ఆయన నోటివెంటే విన్న ముచ్చట ఇది. లోపలికి ఎందుకు పోలేదని అడిగితే, ఈయన ఎవరి తండ్రో అనుకుని రేణుక విషయమంతా చెప్పేసింది. ఇయ్యాల చెకింగ్ సార్లు వస్తరంట, చదువు రానోళ్ళను రావద్దన్నరు, కానీ ఇంట్ల ఉంటే ఏం తోస్తలేదు, అందుకే వచ్చి చూస్తున్న అంది. ఎవరు వద్దన్నారని అడిగారట. ‘ఎస్తేరు టీచర్. మస్తు మంచిది’ అందట.

ఇదంతా నాకు తెలియదు. పదిన్నరకు ఆయన నేరుగా నా క్లాసుకే వచ్చారు. వేరేవాళ్ళంతా ఎ సెక్షన్ నుంచి మొదలుపెడితే ఈయన చివర నుంచి మొదలుపెడతారని అప్పటికి మాకెవరికీ తెలియదు. వచ్చి చివరి బల్ల మీద, పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్నారు. నేను గుండె నిర్మాణం చెప్పాను. ప్రశ్న అడిగితే అటూ ఇటూ చేతులు లేచాయి, జవాబులు గలగలా వచ్చాయి. ఆయన తల ఊపుతూ విన్నారు. తర్వాత చురుగ్గా జవాబు చెప్పిన ఒక అమ్మాయిని దగ్గరికి పిలిచి, ‘మంచిగ చెప్పినవ్ బిడ్డా. నీ పక్కన కూసున్నోని పేరేంది?’ అని అడిగారు. ఆ పిల్ల నా వైపు చూసింది. ఆయన ఆ పక్కనున్న మా ఎఫ్ సెక్షన్ పిల్లవాడిని అడిగారు, పోనీ నువ్వు చెప్పు, ఈమె పేరేందని. వాడు చాలా నిజాయితీగా, ‘ఎర్కలేదు సార్. ఇయ్యాలనే వచ్చింది’ అన్నాడు. క్లాసు గొల్లుమంది. ఆయన కూడా నవ్వారు. నేను మాత్రం నవ్వలేదు.

ఆయన హాజరు పట్టీ తీసుకుని మెల్లగా వేలు నడిపించారు. ‘పదకొండు మంది రాలే. ఏమైంది టీచరమ్మా?’

‘జ్వరాలు సార్. సీజను కదా.’

‘అందరికీనా? రేణుకకు సుత?’

పేరు ఎలా తెలిసిందని ఆలోచించలేదు. నోరు అలవాటుగా అనేసింది. ‘అవును సార్.’

‘అయితే జెర లోపటికి పిలుస్త’ అన్నారాయన. ‘పొద్దటిసంది ఎండల నిలవడ్డది. జ్వరం ఎక్కువైతది.’

ఆయనే వెళ్ళి పిలుచుకొచ్చారు. రేణుక గుమ్మంలో నిలబడింది. ఆ పిల్ల నా మొహం చూసింది, ఆయన మొహం చూసింది, ఆయన ఎవరో అప్పుడు అర్థమైనట్టుంది. ‘టీచర్ రమ్మనలే సార్’ అంది గబగబా. ‘నేనే వచ్చిన. టీచర్‌ను ఏమనకుండ్రి.’

నేను చిన్నప్పటి నుంచీ పాపం గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను, కొన్ని చెప్పాను కూడా. ఆ రోజు ఆ గుమ్మం దగ్గర తెలిసినంత నాకు ఏ ప్రసంగంలోనూ తెలియలేదు. నేను ఇంటికి పంపిన పిల్ల నా కోసం వాదిస్తోంది.

ఆయన పిల్లల ముందు ఒక్క మాటా అనలేదు. రేణుకను బల్ల మీద జరిగి కూర్చోమన్నారు. నన్ను వరండాలోకి పిలిచి, సంచీలోంచి ఒక తెల్లకాగితం తీసి ఇచ్చారు. ఈ క్లాసు రిపోర్టు నేను రాయను, మీరే రాయండి అన్నారు. ‘నాలుగింటిదాంక టైమున్నది. మీరేం రాస్తే దాని మీదనే సంతకం పెడ్త. ఒక్క అక్షరం మార్వ.’

సైన్సు ల్యాబులో కూర్చున్నాను. ముందు అలవాటైన మాటలే వచ్చాయి. అభ్యసన స్థాయి సంతృప్తికరం, హాజరు శాతం మెరుగుపడాలి. చదువుకుంటే అందులో అబద్ధం ఒక్కటీ లేదు, నిజమూ ఒక్కటీ లేదు. హెడ్మాస్టరు గారు ఒకసారి తలుపు దగ్గరికి వచ్చి, చూసి రాయమ్మా, నీ ప్రొబేషన్ కూడా ఉంది అని గుర్తుచేసి వెళ్ళారు. బెదిరింపుగా కాదు, భయంగానే అన్నారు. కళ్ళు మూసుకుని ప్రార్థన చేద్దామంటే మాటలు రాలేదు. ఏమని అడగాలి? తనిఖీ బాగా జరగాలని ఇంతకుముందే అడిగేశాను కదా. చివరికి కాగితం తిప్పి, వెనక వైపు రాశాను. ఈ సెక్షన్లో అరవై ఇద్దరు పిల్లలు, గది నలభై మందికి. పదకొండు మందిని ఈ రోజు రావద్దని నేనే చెప్పాను. పదిమంది ఈ సెక్షన్ పిల్లలు కారు. రేణుక జూన్‌లో ఒక వాక్యం చదవలేకపోయేది, ఇప్పుడు అరపేజీ చదువుతుంది. ఇది నాకు తెలిసి కూడా ఆమెను దాచాను. కింద సంతకం పెట్టాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను.

ఆఫీసు గదిలో ఆయన అది చదివి, హెడ్మాస్టరు గారికి అందించారు. హెడ్మాస్టరు గారు రెండుసార్లు చదివారు. ఇది పైకి పోతే నా గతేంది సార్, నా గదుల సంగతేంది అన్నారు నీరసంగా.

విఠల్ సార్ కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. ‘సార్, మీరు నాకంటె పెద్దోళ్ళు. ఒక్క మాటడుగుత. ఏ కొరత లేదు, అంత మంచిగనే ఉన్నదని చూపెట్టి గదులడిగితే ఎవలిస్తరు?’

హెడ్మాస్టరు గారు కాగితాన్ని తిరిగి ఆయన చేతికే ఇచ్చారు. కాసేపటికి ఆయనకే నవ్వొచ్చింది. నా కాగితం మీద విఠల్ సార్ సంతకం పెట్టి, కింద ఒక ముక్క చేర్చారు: ఈ బడికి తక్షణం నాలుగు గదులు అవసరం, ఆధారం పై వివరాలు. ఒక్క అక్షరం మార్చనన్న మనిషి, మార్చలేదు గానీ కలిపారు. గ్రేడు మధ్యస్థంగానే వచ్చింది. గదులు ఏడాదిన్నర ఆలస్యంగా, నాలుగుకు బదులు మూడు వచ్చాయి. నాకు సంజాయిషీ అడుగుతూ ఒక మెమో వచ్చింది, జవాబు రాశాను, ప్రొబేషన్ ఆర్నెల్లు ఆలస్యమైంది. అంతకంటే ఏమీ కాలేదు.

తనిఖీ అయిన ఆ వారమే, ఆదివారం చర్చిలో పాస్టరు గారు నా వైపు చూసి, దాని గురించి సాక్ష్యం చెప్పమన్నారు. లేచి జరిగింది జరిగినట్టు చెప్పాను. కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నాను. నా వెనక వరసలో మార్తమ్మ పెద్దమ్మ అని రైల్వే ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన ముసలావిడ ఉండేది. ఆవిడ ముందుకు వంగి, ‘బాగా జరగాలనేగా అడిగావు పిల్లా, బాగానే జరిపాడుగా. ఇంక ముక్కు చీదకు’ అంది. స్తుతిగీతం మొదలయ్యేదాకా మా వరసంతా నవ్వాపుకుంటూనే ఉంది.

మూడు నెలల తర్వాత ఎవరికీ చెప్పకుండా విఠల్ సార్ మళ్ళీ వచ్చారు. ఫైళ్ళు అడగలేదు. రేణుక చదువుతుంటే వినాలి అన్నారు. ఆ పిల్ల వేలు పెట్టుకునే, ఒక పేజీ చదివింది. చెమటలు నాకు పట్టాయి. పూర్తయ్యాక ఆయన, పిల్ల మంచిగనే చదివింది గానీ మీ పెదవులే ఒక్క క్షణం ఆగలేదు టీచరమ్మా, ఇద్దరికీ కలిపి మార్కులేస్తా అన్నారు. రేణుక పదో తరగతి రెండోసారికి పాసైంది. ఇప్పుడు రాంగోపాల్‌పేట్‌లో ఒక మందుల షాపులో చీటీలు చదివి మందులు తీసిస్తుంది. డాక్టర్ల రాత నాకు అర్థం కాదు, ఆ పిల్లకు అవుతుంది.

కొన్నేళ్ళకు నేనూ ప్యానెల్‌లోకి వచ్చాక నన్ను విఠల్ సార్ బృందంలో వేశారు. ఆయన పద్ధతులు విచిత్రంగా ఉండేవి. మధ్యాహ్నం రెండింటికి ఆడపిల్లల నీళ్ళ సీసాలు చూడమని నన్ను పంపేవారు. సీసాలు నిండుగా ఉంటే, వెళ్ళి బాత్రూం తలుపుకు లోపల గొళ్ళెం ఉందేమో చూడమనేవారు. ఎప్పుడూ ఉండేది కాదు. గొళ్ళెం లేని తలుపు కోసం పిల్లలు రోజంతా దాహంతో కూర్చుంటారని, ఆడదాన్నై ఉండి, ఆయన చెప్తేనే నాకు తెలిసింది. మా కోసం ప్రత్యేకంగా తెప్పించిన బిర్యానీ పక్కన పెట్టి, పిల్లల లైనులో పళ్ళెం పట్టుకుని నిలబడేవారు. పప్పు నీళ్ళగా ఉంటే వంటామెను ఏమీ అనరు, ఇంకొంచెం వెయ్యమని అడిగి తింటారు. సరుకు ఎక్కడ తగ్గిందో ఆమె మొహమే చెప్తుందని అనేవారు. గురువారం ఉపవాసం ఉండేవారు కాబట్టి తనిఖీ గురువారం పడితే, పిల్లలతో కలిసి తినలేనని బాధపడేవారు. ఒకసారి ధైర్యం చేసి మా సంఘం కరపత్రం ఒకటి ఆయనకిచ్చాను. వారం తర్వాత మడత పెట్టి తిరిగిచ్చారు. ‘చదివిన. మంచి మాటలే. రెండు అచ్చుతప్పులున్నయి, మీ పాస్టరుగారికి చెప్పుండ్రి’ అన్నారు. ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి ఉన్నాయి. ఆయన కోసం నేను ప్రార్థించడం మానలేదు. ఆయనకూ తెలుసు, మానమని ఎప్పుడూ అనలేదు.

ఆయన రిటైరయ్యాక, బోయిగూడలో వాళ్ళ పాత ఇంటికి నేను అప్పుడప్పుడు వెళ్ళేదాన్ని. పోయిన ఏడాది, ఆయన కన్నుమూయడానికి కొన్ని వారాల ముందు, ఎన్నాళ్ళ నుంచో అడగాలనుకున్నది అడిగాను. ఆ రోజు నా మీద ఎందుకు రాయలేదు సార్, మీరు రాసి ఉంటే నన్ను సస్పెండ్ చేసేవాళ్ళు కదా అని. ఉద్యోగం కొత్తలో ఒక ఊళ్ళో తను కూడా ఇన్‌స్పెక్షన్ నాడు ఒక పిల్లవాడిని ఇంటి దగ్గర ఉండమన్నానని చెప్పారు. లెక్కలు రావు, నత్తి ఉంది, అందుకని. వాడు ఆ రోజు రాలేదు. మర్నాడూ రాలేదు. ఇక ఎప్పుడూ రాలేదు. వెతికితే మేస్త్రీ వెంట పనికి ఎటో పోయాడన్నారట.

‘మీ పిల్ల గేటు దాంకనన్న వచ్చింది ఎస్తేరమ్మా’ అన్నారు. ‘మావోడు రాలే. గందుకే ఎక్కడికి పోయినా రానోళ్ళ పేర్లడుగుత.’

నేను ఆయన చెయ్యి పట్టుకుని ప్రార్థన చేశాను. ఆయన కళ్ళు మూసుకోలేదు గానీ చెయ్యి తీసుకోలేదు. ఆ కుర్రవాడి పేరు చెప్పారు. ఆ పేరు నా ప్రార్థనల్లో ఉంది, ఇక్కడ రాయను.

ఇప్పుడు బృందానికి నేనే పెద్దను. గ్రేడు వెయ్యడానికి మాకు ఒక ఫారం ఇస్తారు. కంప్యూటర్లు, ప్రయోగశాల, ఫలితాల శాతం అన్నిటికీ గళ్ళు ఉంటాయి. అవన్నీ శ్రద్ధగానే నింపుతాను, అవీ కావాలి. కానీ ఆ రోజు రాని పిల్లల్లో ఒక్కరి ఇంటికైనా వెళ్ళి రాకుండా సంతకం పెట్టను. పోయిన నెల కూడా అంతే. తొమ్మిది మంది రాలేదు. ఆ క్లాసు టీచరుకు ఇరవై ఆరేళ్ళుంటాయేమో, పేర్లు అడగగానే జ్వరాలు మేడం అంది. ఆ గొంతు వినగానే నాకు ఆ అమ్మాయి మీద ప్రేమ కలిగింది. పదమ్మా, చూసొద్దాం అన్నాను. ఇద్దరం ఆటో ఎక్కాం. దిగేముందు ఆమె, మేడం, నేనే రావద్దన్నాను అంది. తెలుసమ్మా, నేనూ చెప్పినదాన్నే అన్నాను.

ఇరుకు మెట్లెక్కి తలుపు తడితే, చేతులకు పిండి అంటుకున్న ఒక పిల్ల వచ్చి తెరిచింది. తన టీచర్ను చూసి బెదిరింది, నన్ను చూసి ఇంకా బెదిరింది. చెకింగ్ అయిపోయిందా టీచర్ అని మెల్లగా అడిగింది. టీచరు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

‘కాలేదమ్మా’ అన్నాను. ‘చేతులు కడుక్కొని రా. నువ్వొస్తేనే షురూ చేస్తాం.’